మాస్కు పోయింది, రాయితీ రాలేదు: కొవిడ్ నాటి రైలు నిబంధనల్లో ఏది ఎందుకు మిగిలింది

సంక్షిప్తంగా: కొవిడ్ కాలంలో రైల్వే పెట్టిన ఆంక్షలు రెండు రకాలు. మాస్కు జరిమానాకు గడువు తేదీ ఉంది, గడువుతోపాటే అదీ వెళ్లిపోయింది. వృద్ధుల రాయితీ రద్దు, చిన్న స్టేషన్లలోనూ ఆగే ప్యాసింజర్ రైళ్లలో ఎక్స్‌ప్రెస్ చార్జీ లాంటి వాటికి గడువు రాయలేదు. వాటిలో ఒకటి నాలుగేళ్లకు తొలగింది, ఇంకొకటి 2020 తర్వాత ఏళ్ల తరబడి కొనసాగింది. మొదట రద్దీని ఆపడానికి పెట్టిన చార్జీలు క్రమంగా ఆదాయ మార్గంగా మారడమే దీనికి ప్రధాన కారణం.

రైల్లో ఇప్పుడు మాస్కు పెట్టుకోమని అడిగేవారు లేరు. ఏసీ బోగీల్లో దుప్పట్లు, దిండ్లు తిరిగొచ్చాయి. వేడి భోజనం కూడా వచ్చింది. అన్నీ మామూలైనప్పుడు సీనియర్ సిటిజన్ల రాయితీ మాత్రం ఎందుకు రాలేదన్న ప్రశ్న ఏళ్లు గడిచినా వినిపిస్తూనే ఉంది. అన్నిటికీ కారణం కొవిడే అని చెప్పారు కాబట్టి, కొవిడ్ పోతే అన్నీ పోవాలని జనం అనుకోవడం సహజం. ఏ నిబంధన ఏ చట్టం కింద, ఏ అవసరానికి, ఎంత గడువుతో వచ్చిందో విడివిడిగా చూస్తేనే ఈ చిక్కు విడుతుంది.

## ఒక్కసారిగా ఆగిన చక్రాలు

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజునే ప్రయాణికుల రైళ్లన్నీ నిలిపివేస్తున్నట్టు రైల్వే ప్రకటించింది. మొదట మార్చి 31 వరకు అన్నారు, తర్వాత ఏప్రిల్ 14 అన్నారు, ఆ తర్వాత మే 3 అన్నారు. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణేకు తొలి ప్యాసింజర్ రైలు నడిచినప్పటి నుంచి దేశమంతా ఇలా రైళ్లు ఆగిపోవడం అదే మొదటిసారి. అంతకుముందు రోజుకు 13 వేలకు పైగా ప్రయాణికుల రైళ్లు నడిచేవి. సబర్బన్ రైళ్లతో కలిపి రెండు కోట్లకు మించి జనం ఎక్కేవారు.

సరుకు రైళ్లు మాత్రం ఆగలేదు. పైగా పట్టాలు ఖాళీ కావడంతో వాటి సగటు వేగం దాదాపు రెట్టింపైంది. 2020-21లో రైల్వే 123 కోట్ల టన్నుల సరుకు మోసింది, ఇది అంతకుముందు ఏడాది కంటే ఎక్కువ. ప్రయాణికుల రైళ్లు లేకుండా రైల్వే ఎలా నడుస్తుందన్నది ఆ సంస్థకు అనుకోకుండా ఎదురైన ప్రయోగం. ప్రయాణికుల రైళ్ల వల్ల వచ్చే నష్టాన్ని సరుకు రవాణా ఆదాయంతో పూడ్చుకునే సంస్థకు ఆ ఏడాది లెక్కలు చాలా విషయాలే చెప్పి ఉంటాయి.

ఆగిన రైళ్లు మళ్లీ కదలడం తెలంగాణలోనే మొదలైంది. 2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మంది వలస కూలీలతో తొలి శ్రామిక్ రైలు బయలుదేరింది. అప్పటి నుంచి ఆగస్టు చివరి వరకు 4,621 శ్రామిక్ రైళ్లు 63 లక్షల మందికి పైగా కూలీలను సొంతూళ్లకు చేర్చాయి. ఆ రైళ్లలో 97 మంది చనిపోయినట్టు ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది.

మే 12 నుంచి ఢిల్లీ కేంద్రంగా 15 జతల ఏసీ ప్రత్యేక రైళ్లు నడిచాయి. వాటిలో ఒకటి సికింద్రాబాద్‌కు వచ్చింది. జూన్ 1 నుంచి మరో వంద జతలు, సెప్టెంబర్ 12 నుంచి ఇంకో 40 జతలు తోడయ్యాయి. ఈ రైళ్ల నంబర్లు సున్నాతో మొదలయ్యేవి. అంటే అదే దారిలో, దాదాపు అదే వేళకు పాత రైలే నడుస్తున్నా కాగితం మీద అది ‘స్పెషల్’. ఈ పేరు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తర్వాత జరిగిన చాలా మార్పులకు దారి తీసింది ఇదే. పాత రైలు నడిపితే పాత హాల్టులు, పాత సీజన్ టికెట్లు, పాత జనరల్ బోగీలు అన్నీ ఇవ్వాలి. స్పెషల్ రైలుకు ఆ బాధ్యతలేవీ లేవు.

## బోగీలో దూరం ఎందుకు కుదరలేదు

విమానంలో, బస్సులో ఒక సీటు విడిచి ఒక సీటు ఇవ్వడం గురించి చర్చ జరిగింది. రైల్లోనూ ప్రయత్నించారు. తొలి శ్రామిక్ రైళ్లలో 72 బెర్తుల స్లీపర్ బోగీకి 54 మందినే ఎక్కించారు, మధ్య బెర్తు ఖాళీగా ఉంచారు. పది రోజులు తిరిగేసరికి ఆ నియమం పోయి మొత్తం బెర్తులు నింపారు. ఊరికి వెళ్లాల్సినవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు నాలుగో వంతు బెర్తులు ఖాళీగా తీసుకెళ్లడం సాధ్యపడలేదు.

స్లీపర్ బోగీ నిర్మాణమే దూరానికి అడ్డు. ఒక్కో కూపేలో ఎదురెదురుగా ఆరు బెర్తులు, పక్కన రెండు. పగలు కింది బెర్తు మీద ముగ్గురు కూర్చోవాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఆ ఎనిమిది మంది ఒక పగలు, ఒక రాత్రికి పైగా కలిసే ఉంటారు. తింటారు, నిద్రపోతారు, మాట్లాడుకుంటారు. అంతసేపు మాస్కు పెట్టుకునే ఉంటారని నియమం రాసినవాళ్లు కూడా అనుకుని ఉండరు.

ఇందులో ముప్పు ఎంత? చైనా హైస్పీడ్ రైళ్లలో 2019 చివర, 2020 మొదట్లో ప్రయాణించినవారి మీద జరిగిన అధ్యయనం దీనికి కొంత సమాధానమిచ్చింది. వైరస్ ఉన్న 2,334 మంది ప్రయాణికులను, వారికి దగ్గరి వరుసల్లో కూర్చున్న 72 వేల మందిని అందులో పరిశీలించారు. దగ్గరి వరుసల్లో ఉన్నవారిలో మొత్తమ్మీద 0.32 శాతం మందికి వ్యాధి సోకింది. సరిగ్గా పక్క సీటులో కూర్చున్నవారిలో అది 3.5 శాతం. కలిసి ప్రయాణించిన ప్రతి గంటకూ ముప్పు పెరుగుతూ పోయింది. అయితే ఆ రైళ్లు సీట్ల రైళ్లు, కొన్ని గంటల ప్రయాణాలు. మన స్లీపర్ బోగీకి ఆ అంకెలను నేరుగా అన్వయించడం కుదరదు. ఎంత దగ్గర, ఎంతసేపు అన్న రెండు ప్రశ్నలే ముప్పును నిర్ణయిస్తాయన్న సంగతి మాత్రం వర్తిస్తుంది. మన దూరప్రయాణ రైళ్లు ఆ రెండింటిలోనూ వెనకబడే ఉంటాయి.

గాలి మార్పిడి విషయంలో కొంత పని జరిగింది. ఏసీ బోగీలో గంటకు 12 సార్లు మారే గాలిని 16 నుంచి 18 సార్లకు పెంచినట్టు, ఉష్ణోగ్రతను 25 డిగ్రీల దగ్గర ఉంచుతున్నట్టు రైల్వే 2020లో చెప్పింది. దుప్పట్లు తీసేసినప్పుడు చలి కాకుండా ఉండటానికీ ఇది పనికొచ్చింది. కిటికీలు తెరిచి ఉండే స్లీపర్, జనరల్ బోగీల్లో గాలికి కొరత లేదు, అక్కడి సమస్య కిక్కిరిసిన జనం. ఆ జనాన్ని తగ్గించడానికి రైల్వే చేతిలో ఉన్న సాధనాలు మూడే: రైళ్ల సంఖ్య, రిజర్వేషన్, చార్జీ. మాస్కు వీటి తర్వాతి వరుసలోనే వస్తుంది.

## మాస్కు జరిమానా ఏ చట్టం కిందిది

రైల్లో మాస్కు తప్పనిసరి అన్న మాట 2020 మే నుంచే ఉంది. రైళ్లు మొదలైనప్పుడు కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లోనే స్టేషన్లోకి వచ్చేటప్పుడు, ప్రయాణంలో ముఖం కప్పుకోవాలని రాశారు. దాని వెనక ఉన్నది విపత్తు నిర్వహణ చట్టం. 2020 అక్టోబర్‌లో దసరా, దీపావళి రద్దీకి ముందు రైల్వే రక్షణ దళం మరో అడుగు వేసింది. మాస్కు లేకుండా తిరిగినా, పాజిటివ్ అని తెలిసీ రైలెక్కినా రైల్వే చట్టంలోని 145, 153, 154 సెక్షన్ల కింద కేసు పెట్టవచ్చని ప్రకటించింది. 153 కింద గరిష్ఠ శిక్ష అయిదేళ్ల జైలు. తోటి ప్రయాణికుల భద్రతకు ముప్పు తెచ్చేవారి కోసం రాసిన సెక్షన్ అది. మాస్కు జారినందుకు దాన్ని వాడటం ఆచరణలో జరిగే పని కాదు, భయపెట్టడానికే పనికొస్తుంది.

పనికొచ్చే జరిమానా వచ్చింది 2021 ఏప్రిల్ 17న. రెండో వేవ్‌లో దేశంలో రోజువారీ కేసులు రెండు లక్షలు దాటిన వారం అది. రైళ్లలో, స్టేషన్లలో మాస్కు లేకపోతే రూ.500 వరకు జరిమానా అని రైల్వే బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. ఇందుకు కొత్త చట్టమేదీ చేయలేదు. రైల్వే ఆవరణలో ఉమ్మివేయడం, చెత్త పారేయడం లాంటి పనులకు జరిమానా వేసే 2012 నాటి పరిశుభ్రత నిబంధనలు ఉన్నాయి. మాస్కును ఆ నిబంధనల గూటిలోకే చేర్చారు. అప్పటికే టికెట్ తనిఖీ సిబ్బంది దగ్గర రసీదు పుస్తకం ఉంది, వసూలు చేసే అధికారం ఉంది. కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు. ఉత్తర్వు మొదట ఆరు నెలలకే ఇచ్చారు, అక్టోబర్‌లో 2022 ఏప్రిల్ 16 వరకు పొడిగించారు.

ఈ లోపు ప్రయాణికుడికి ఎదురైన అయోమయం ఇంకొకటి. రైల్లో జరిమానా రూ.500 వరకు. అదే మనిషి సికింద్రాబాద్ స్టేషన్ బయట అడుగు పెడితే తెలంగాణ ప్రభుత్వ జరిమానా రూ.1,000. ఒకటి రైల్వే నిబంధన, రెండోది విపత్తు నిర్వహణ చట్టం కింద రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వు. రెండూ చెల్లుబాటయ్యేవే. దారిలో రైలు నాలుగైదు రాష్ట్రాలు దాటుతుంది కాబట్టి క్వారంటైన్, పరీక్షల నియమాలూ స్టేషన్‌ను బట్టి మారేవి. 2020 మే నుంచి టికెట్ తీసుకునేటప్పుడే దిగే ఊళ్లో చిరునామా ఇమ్మని ఐఆర్‌సీటీసీ అడగడానికి కారణం ఇదే.

విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఆదేశాలకు కేంద్రం 2022 మార్చి 31తో స్వస్తి పలికింది. రైల్వే జరిమానా గడువు మరో పక్షానికి ముగిసింది. మే నెలలో కేసులు కాస్త పెరిగినప్పుడు ఆరోగ్య శాఖ సూచనలు పాటించాలని రైల్వే బోర్డు జోన్లకు లేఖ రాయగానే రైళ్లలో మళ్లీ మాస్కు తప్పనిసరి అని వార్తలొచ్చాయి. ఆ లేఖ పాత సూచనలను గుర్తు చేయడమే తప్ప ముందున్నంత బిగువైన జరిమానా ఏర్పాటు కాదు. రైలెక్కినవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోలేదు.

## వేరే దేశాల్లో ఇదే కథ

ఇంగ్లండ్‌లో 2020 జూన్ 15న రైళ్లలో ముఖ కవచం తప్పనిసరి చేశారు. 2021 జులై 19న చట్టపరమైన నిబంధన తీసేశారు. లండన్ రవాణా సంస్థ మాత్రం దాన్ని తన ప్రయాణ షరతుగా కొనసాగించింది. చట్టం లేకపోతే పోలీసులు జరిమానా వేయలేరు, సిబ్బంది దించేయగలరు అంతే. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ మాస్కు ఆదేశం 2021 ఫిబ్రవరిలో వచ్చి, 2022 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పుతో పడిపోయింది. ఆ వెంటనే ఆమ్‌ట్రాక్ రైళ్లలోనూ మాస్కు ఐచ్ఛికమైంది. జర్మనీలో దూరప్రయాణ రైళ్లలో ఈ నిబంధన 2023 ఫిబ్రవరి 2 దాకా నడిచింది. జపాన్‌లో అసలు చట్టమే లేదు, జరిమానా లేదు. అయినా మాస్కు లేని ముఖం రైల్లో అరుదు. 2023 మార్చి 13న ప్రభుత్వం ‘ఇక మీ ఇష్టం’ అన్న తర్వాత కూడా చాలామంది పెట్టుకునే తిరిగారు.

ఎక్కడ చూసినా మాస్కు నిబంధనకు ఒక ముగింపు తేదీ ఉంది. కొన్నిచోట్ల గడువు ముగిసింది, కొన్నిచోట్ల కోర్టు ముగించింది, కొన్నిచోట్ల ప్రభుత్వమే చాలనుకుంది. కనిపించే నిబంధన ఇది, ప్రతి ప్రయాణికుడి ముఖం మీద ఉండేది. కొనసాగించాలంటే రోజూ సిబ్బందిని పెట్టాలి, గొడవలు పడాలి, వచ్చేది స్వల్పం. ఇలాంటి దాన్ని ఏ రైల్వే అయినా వదిలించుకోవాలనే చూస్తుంది.

## చార్జీయే గేటు అయినప్పుడు

కొవిడ్ కాలంలో అసలు పని చేసిన ఆంక్ష చార్జీ. దీని గురించి మాట్లాడింది తక్కువ.

జనరల్ బోగీలన్నిటినీ 2020లో రిజర్వుడ్ సెకండ్ సిటింగ్‌గా మార్చారు. టికెట్ కౌంటర్లో అప్పటికప్పుడు టికెట్ తీసుకుని రైలెక్కే పద్ధతి ఆగిపోయింది. టికెట్ మీద రూ.15 రిజర్వేషన్ చార్జీ అదనం. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోలేనివారికి అదో అడ్డంకి. ఈ బోగీలను మళ్లీ అన్‌రిజర్వుడ్‌గా మార్చాలని ఉత్తర్వు 2022 ఫిబ్రవరి 28న వచ్చింది. అప్పటికే నాలుగు నెలల ముందు రిజర్వేషన్లు అమ్ముడై ఉన్నాయి కాబట్టి పూర్తిగా అమలు కావడానికి ఆ ఏడాది జూన్ చివరిదాకా పట్టింది.

ప్యాసింజర్ రైళ్ల విషయం ఇంకా ముఖ్యమైనది. మండల కేంద్రం నుంచి జిల్లా కేంద్రానికి పాలు, కూరగాయలు తెచ్చేవాళ్లు, రోజుకూలీలు, విద్యార్థులు ఎక్కేవి ఇవి. కనీస చార్జీ రూ.10. ఇవి తిరిగి నడిచినప్పుడు ‘ఎక్స్‌ప్రెస్ స్పెషల్’ అయ్యాయి, కనీస చార్జీ రూ.30కి చేరింది. రైలు అదే, వేగం అదే, ఆగే స్టేషన్లు ఇంచుమించు అవే. అవసరం లేని ప్రయాణాలను తగ్గించడానికే చార్జీ కొద్దిగా పెంచామని రైల్వే 2021 ఫిబ్రవరిలో వివరణ ఇచ్చింది. ఆ వివరణలో నిజాయతీ ఉంది, చార్జీని రద్దీ నియంత్రణకు వాడుతున్నామని ఒప్పుకోవడమే కదా. కానీ రూ.20 తేడాతో ప్రయాణం మానుకునేది ఎవరు? విహారానికి వెళ్లేవాడు మానుకోడు. రోజూ పనికి వెళ్లేవాడికి మానుకునే వీలు లేదు, ఇబ్బంది మాత్రం ఉంది. అందుబాటులో ఉంటే షేర్ ఆటోకో బస్సుకో మారతాడు, అక్కడ జనం మరింత ఇరుకుగా కూర్చుంటారు.

2021 నవంబర్‌లో స్పెషల్ అన్న పేరు తీసేసి పాత నంబర్లు, మామూలు చార్జీలు తెస్తున్నామని రైల్వే ప్రకటించింది. నంబర్లు మార్చడానికి వారం రోజులపాటు రాత్రి ఆరు గంటలు రిజర్వేషన్ వ్యవస్థను ఆపాల్సి వచ్చింది. అయితే ప్యాసింజర్ రైళ్లలో ఎక్స్‌ప్రెస్ చార్జీ మాత్రం పోలేదు. రూ.10 కనీస చార్జీ తిరిగొచ్చింది 2024 ఫిబ్రవరి చివర, లోక్‌సభ ఎన్నికల షెడ్యూల్ రావడానికి కొద్ది రోజుల ముందు. మాస్కు జరిమానా ముగిసిన దాదాపు రెండేళ్లకు.

## మెట్రోకు ఆరు నెలలు, ఎంఎంటీఎస్‌కు పదిహేను

ఒకే నగరంలో రెండు రైళ్లను పోల్చితే ఆంక్షల తీరు ఇంకా తేటపడుతుంది. హైదరాబాద్ మెట్రో 2020 సెప్టెంబర్ 7న మియాపూర్-ఎల్బీ నగర్ మార్గంతో మళ్లీ మొదలైంది. రైల్వే నడిపే నగర లోకల్ రైలు ఎంఎంటీఎస్ మాత్రం 2021 జూన్ 23న, అదీ పది సర్వీసులతో.

మెట్రోలో గేట్లున్నాయి. ప్రతి మనిషీ ఒక్కో ద్వారం గుండానే లోపలికి రావాలి, అక్కడే జ్వరం చూడవచ్చు, మాస్కు చూడవచ్చు, జనం ఎక్కువైతే ద్వారం మూయవచ్చు. కంటైన్మెంట్ ప్రాంతాల్లో ఉన్న గాంధీ ఆస్పత్రి లాంటి స్టేషన్లలో రైలు ఆపకుండా పోనిచ్చారు. ఎంఎంటీఎస్ స్టేషన్లు నాలుగు వైపులా తెరిచే ఉంటాయి, పట్టాలు దాటి ప్లాట్‌ఫామ్ ఎక్కేవారూ ఉంటారు. అక్కడ లెక్కపెట్టి పంపే ఏర్పాటు లేదు. అయితే అప్పట్లో మెట్రో కనీస టికెట్ రూ.10, ఎంఎంటీఎస్‌ది రూ.5. నియంత్రించడం తేలికైన రైలు ముందు నడిచింది, చౌకైన రైలు చివరికి నడిచింది. ఇది ఎవరో కావాలని చేసిందనలేం, కానీ ఫలితం అదే.

ముంబై లోకల్‌లో మరో పద్ధతి. గేట్లు లేవు, చార్జీ పెంచే వీలూ లేదు. అందుకని ఎక్కేవారిని వర్గాలుగా విడదీశారు. 2020 జూన్‌లో అత్యవసర సిబ్బంది, అక్టోబర్‌లో మహిళలు, 2021 ఫిబ్రవరిలో నిర్ణీత వేళల్లో అందరూ, రెండో వేవ్‌లో మళ్లీ నిలిపివేత, ఆగస్టు 15 నుంచి రెండు డోసులు పూర్తయినవారు.

## లెక్కల్లో కనిపించే మార్పు

2019-20లో రైల్వే 808 కోట్ల మందిని చేరవేసింది. 2020-21లో అది 125 కోట్లకు పడిపోయింది. ప్రయాణికుల ఆదాయం సుమారు రూ.50,669 కోట్ల నుంచి రూ.15,248 కోట్లకు తగ్గింది. 2022-23కి వచ్చేసరికి ప్రయాణికులు 640 కోట్ల దగ్గరే ఉన్నారు, కొవిడ్‌కు ముందుకంటే అయిదో వంతు తక్కువ. ఆదాయం మాత్రం రూ.63,417 కోట్లకు చేరింది. ఒక్కో ప్రయాణికుడి మీద సగటున వచ్చేది దాదాపు రూ.63 నుంచి రూ.99 అయింది.

ఈ పెరుగుదలంతా చార్జీల వల్లే అనడం సరికాదు. తిరిగిరాని ప్రయాణికుల్లో ఎక్కువమంది సబర్బన్, తక్కువ దూరం వాళ్లు. వాళ్ల టికెట్లు చవక కాబట్టి వాళ్లు తగ్గితే సగటు తనంతట తానే పెరుగుతుంది. 2020 జనవరి 1న, అంటే కొవిడ్‌కు కొద్దిగా ముందు, సబర్బన్ తప్ప మిగతా తరగతుల్లో కిలోమీటరుకు 1 నుంచి 4 పైసల దాకా చార్జీలు పెంచారు. దాని పూర్తి ప్రభావం కనిపించింది తర్వాతే. వీటిని తీసివేసినా, రిజర్వుడ్ ప్రయాణాల వాటా పెరగడం, రాయితీల కోత, ప్యాసింజర్ రైళ్లలో ఎక్స్‌ప్రెస్ చార్జీ కలిసి ఆదాయాన్ని పైకి నెట్టాయనడంలో సందేహం లేదు. తక్కువ మందిని మోసి ఎక్కువ సంపాదించిన సంస్థకు పాత పద్ధతికి తిరిగి వెళ్లాలన్న తొందర ఉండదు.

## రాయితీ ఎందుకు ఆగిపోయింది

2020 మార్చి 20 నుంచి చాలా వర్గాల రాయితీలను రైల్వే నిలిపివేసింది. దివ్యాంగుల్లో నాలుగు వర్గాలు, కొన్ని వ్యాధులున్నవారు, విద్యార్థులు మినహాయింపు పొందారు. సీనియర్ సిటిజన్లకు అంతకుముందు 60 ఏళ్లు దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం తగ్గింపు ఉండేది. వృద్ధులకు వైరస్ ముప్పు ఎక్కువ కాబట్టి వారి ప్రయాణాలు తగ్గించడమే ఉద్దేశమని అప్పట్లో చెప్పారు. ఆ ఉత్తర్వులో ముగింపు తేదీ లేదు, ‘తదుపరి ఆదేశాల వరకు’ అని ఉంది. మాస్కు ఉత్తర్వుకూ దీనికీ అసలు తేడా ఇక్కడే.

తర్వాత కారణం మారింది. పార్లమెంటులో అడిగినప్పుడల్లా ఆరోగ్యం మాట వినిపించలేదు, ఖర్చు మాట వినిపించింది. 2019-20లో ప్రయాణికుల టికెట్ల మీద రూ.59,837 కోట్ల సబ్సిడీ భరించామని, ప్రతి ప్రయాణికుడికీ సగటున సగానికి పైగా రాయితీ ఇస్తున్నట్టేనని రైల్వే మంత్రి సమాధానమిచ్చారు. సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం 2020 మార్చి నుంచి 2022 మార్చి వరకు ఈ రాయితీ నిలిపివేత వల్ల రైల్వేకు అదనంగా వచ్చింది దాదాపు రూ.1,500 కోట్లు. రైళ్లు సరిగా నడవని కాలమది. 2022-23 ఒక్క ఏడాదిలోనే అది రూ.2,242 కోట్లు. కనీసం స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో అయినా రాయితీ ఇవ్వాలని రైల్వే పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫారసు చేసింది.

రైల్వే వాదనలో బలం లేకపోలేదు. చార్జీ అసలు ఖర్చుకంటే తక్కువగా ఉన్నప్పుడు దాని మీద మళ్లీ తగ్గింపు ఇస్తే నష్టం రెండింతలు. కానీ ఆ వాదన 2019లోనూ అంతే నిజం, అప్పుడు దాని ఆధారంగా రాయితీ తీసేసే ధైర్యం ఎవరూ చేయలేదు. పైగా రాయితీని ఇష్టమున్నవారు వదులుకోవచ్చన్న పద్ధతి కొవిడ్‌కు ముందు ఉండేది. ఆ మధ్యేమార్గం గురించి ఇప్పుడు చర్చ లేదు.

వృద్ధులకు కొవిడ్ తర్వాత కూడా మిగిలిన సౌకర్యం లోయర్ బెర్త్ కోటా. 60 దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు ఖాళీని బట్టి కింది బెర్తు ఇచ్చే ఏర్పాటు రిజర్వేషన్ వ్యవస్థలోనే ఉంది. స్లీపర్ బోగీకి ఆరేడు, థర్డ్ ఏసీకి నాలుగైదు, సెకండ్ ఏసీకి మూడు నాలుగు బెర్తులు దీనికి కేటాయించారు. బెర్తు కింద దొరికినా పైన దొరికినా టికెట్ ధర మాత్రం మిగతావారితో సమానమే.